బోడిగుట్ట మీద చల్లాల్సిన మనిషి

ఆ పసుపురంగంటే నోలీన్‌కు రోత. షెడ్డు తలుపు తీసిన ప్రతిసారీ ఛీ అనుకునేది. పెళ్ళినాటి నుంచి తాను ఎరిగిన టైగర్ మాత్ విమానం ఇది కాదు. తాను ఎరిగిన విమానం వెండిరంగు వెలిసిపోయి, పొట్టంతా సూపర్ ఎరువు పేరుకుని, నూనె కారుస్తూ, తడిసిన కుక్కలాగా కంపు కొడుతుండేది. ఇప్పుడిది బొమ్మల కొట్లో అద్దాల వెనక పెట్టే సరుకులా తయారైంది. రెక్కల మీద గుండ్రటి సైనిక గుర్తులు, తోక మీద అంకెలు, వెనక సీటు పక్కన పెద్ద తెల్లక్షరాల్లో చనిపోయిన భర్త పేరు. పేరొక్కటే అయితే బాగానే ఉండేది. పేరుకు ముందు 'ఫ్లైట్ లెఫ్టినెంట్' అని కూడా రాయించాడు కొడుకు గార్త్.

ఆథల్ ప్రింగిల్ లెఫ్టినెంటూ కాదు, పాడూ కాదు. పద్దెనిమిదేళ్ళు నిండగానే వైమానిక దళంలో చేరాడు. శిక్షణ సగంలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. న్యూజిలాండ్ దాటి ఒక్క అడుగు బయట పెట్టలేదు. తుపాకి పేల్చాడంటే అది పొలంలో కుందేళ్ళ మీదే. ఇదే టైగర్ మాత్‌లో మొదటిసారి గింగిరాలు తిప్పినప్పుడు, కడుపులో ఉన్నదంతా ముందు సీట్లో కక్కుకున్నాడు. కిందికి దిగాక గురువు ఒక బకెట్టూ గుడ్డా చేతికిచ్చి, "ఎవడు కక్కితే వాడే కడగాలి. అది దళం రివాజు" అన్నాడట. ప్రతి క్రిస్మస్‌కూ గొర్రెపిల్ల మాంసం కోస్తూ ఆథల్ ఈ కథ చెప్పేవాడు. తినేవాళ్ళు మొహాలు చిట్లించి "ఇక చాలు" అనేదాకా వదిలేవాడు కాదు. అతని యుద్ధమంతా అదే, దాన్ని దాచుకోవాలని అతనికి ఎన్నడూ తోచలేదు.

యుద్ధం అయ్యాక దళంవాళ్ళు ఆ శిక్షణ విమానాల్ని పాత ఇనుములాగా అమ్మేస్తుంటే, తాను కక్కిన విమానాన్నే వెతికి మరీ కొనుక్కున్నాడు ఆథల్. ముందు సీటు పీకేసి, ఆ చోట రేకు తొట్టి బిగించాడు. తొట్టి నిండా సూపర్ పోసుకుని, వాళ్ళుండే వైరరాప కొండల మీద ఎగురుతూ, వెనక సీట్లోంచి మీట లాగితే పొట్ట కిందనుంచి ఎరువు తెల్లగా రాలేది. మనుషులు ఎక్కలేని కొండలు పచ్చబడింది అలాగే. వాళ్ళ పొలానికి పైనున్న గుట్ట మీద అంతకుముందు ఒక్క గడ్డిపోచ ఉండేది కాదు. అందుకే దాన్ని బోడిగుట్ట అనేవాళ్ళు. ఇప్పుడు గొర్రెలు మోకాలిలోతు గడ్డిలో మేస్తున్నా దాని పేరు బోడిగుట్టే.

కింద ఎరువు లారీ నడిపింది నోలీన్. విమానం దిగి, ఇంజన్ ఆపకుండా నిలబడితే, ఆమె లారీకి బిగించిన పెద్ద బకెట్టు ఎత్తి తొట్టిలో గుమ్మరించేది. ఆథల్ బొటనవేలు చూపించి మళ్ళీ ఎగిరేవాడు. రోజంతా అంతే. సాయంత్రం ఇంటికొస్తే ఇద్దరి పళ్ళమధ్యా ఎరువు కరకరలాడేది. కొత్తలో అతను ముద్దు పెట్టబోతే నోలీన్‌కు నిజంగానే వాంతి వచ్చినంత పనైంది. అప్పుడే ఆమె ఇంట్లో ఒక చట్టం పెట్టింది: తొట్టి కడగాలి, చేతులు కడుక్కోవాలి, నోరు కడుక్కోవాలి, ఆ తర్వాతే టీ అయినా ముద్దయినా. తొట్టి కడగడం మాత్రం ఆథల్ పెట్టిన చట్టం. తడిసిన సూపర్ రాత్రంతా ఉంటే రేకును తినేస్తుంది.

ఇన్నేళ్ళూ ఆ విమానాన్ని కడిగింది, దాని రెక్కల గుడ్డ చిరిగితే కుట్టింది, దాని పొట్ట నింపింది. ఎక్కింది మాత్రం లేదు. ఎక్కడానికి సీటేది? ఒకసారి అడిగింది.

"తొట్టిలో కూర్చుంటావా నోలీ? బోడిగుట్ట మీదికొచ్చాక మీట లాగుతా" అన్నాడు ఆథల్.

"నీ మొహం!" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది గానీ, ఆమె కోరిక ఆగలేదు.

పోయిన చలికాలంలో ఆథల్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడు. విమానాన్ని భార్య పేర పెట్టాడు. కొడుకు వింటుండగా ఒక్కటే అడిగాడు. "నన్ను కాల్చాక బోడిగుట్ట మీద చల్లండి. సూపర్ చల్లినట్టే చల్లండి. పాటలూ ప్రసంగాలూ పెట్టారో, దయ్యమై మీ మీద పడతాను."

"అలాగే నాన్నా" అన్నాడు గార్త్. అన్నవాడు అన్నట్టు చేస్తే ఈ కథే లేదు.

తండ్రి పోయాక గార్త్ విమానాన్ని విప్పి మళ్ళీ కట్టాడు. పనిమంతుడు కాదని అనలేం. కర్ర కర్రా తడిమి చూశాడు, తుప్పు తిన్న తీగలు మార్చాడు, గుడ్డంతా కొత్తది వేశాడు. కానీ చేస్తున్నంతసేపూ చెరుపుతూనే పోయాడు. సొట్టలు పోయాయి, ఎరువు మరకలు పోయాయి. తొట్టి విప్పి అవతల పారేస్తే, కోడలు రేవిన్ దానికి తెల్లరంగు వేసి గేటు దగ్గర జెరేనియం మొక్కలు పెట్టింది. ఆ ఎర్రపూలు చూసినప్పుడల్లా నోలీన్ మొహం పక్కకు తిప్పుకునేది. పైన పటారం, లోన లొటారం అని గొణుక్కునేది. అయినా నోరెత్తలేదు. ఎందుకంటే తొట్టి తీసిన చోట గార్త్ ముందు సీటు బిగించాడు, "ఇది నీకేనమ్మా" అన్నాడు. "ఈస్టర్ విమాన ప్రదర్శనలో నేను వెనక కూర్చుని నడుపుతా, నువ్వు ముందు. అట్నుంచి అటే బోడిగుట్ట మీదికెళ్ళి నాన్నని చల్లేద్దాం."

ఆ సీటు కోసం ఆమె పసుపురంగును భరించింది, తెల్లక్షరాల్ని భరించింది. ఆశ మనిషి చేత ఎంత మురికైనా మింగిస్తుంది.

ప్రదర్శన రోజున ఊరి బయట విమానాల మైదానం కిటకిటలాడింది. సాసేజీల పొగ, ఊడిపోతున్న టెంట్లు, ఎన్నడూ యుద్ధానికి వెళ్ళని మగవాళ్ళు వేసుకొచ్చిన యుద్ధకాలపు కోట్లు. ఒకడైతే మెడలో పట్టు గుడ్డ కట్టుకుని, తాతగారి పతకాలు పెట్టుకుని, చేతిలో ఐస్‌క్రీమ్‌తో తిరుగుతున్నాడు. నోలీన్‌కు వాణ్ణి చూస్తే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. రేవిన్ ఆమె తలకు తోలు టోపీ తొడిగి, పట్టీ బిగించి, "భలే ఉన్నావు నోలీన్, సినిమా హీరోయిన్‌లాగా" అంది. నోలీన్ రెక్క మీద కాలు పెట్టి, లోపలికి దిగి, ముందు సీట్లో కూర్చుంది. బెల్టులు పెట్టుకుంది. ఎదురుగా చిన్న అద్దం, అవతల ముక్కు మీద పంకా. ఇక్కడినుంచి చూస్తే మైదానమే వేరుగా కనిపించింది. ముసల్దానివి, నీకేంటే ఈ సంబరం అని తనను తానే తిట్టుకుంది.

అప్పుడు మైకాయన మొదలుపెట్టాడు.

"యుద్ధాకాశంలో నిప్పులు చెరిగిన మన ఊరి వీరుడు, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆథల్ ప్రింగిల్! ఆయన కడసారి ప్రయాణం, ఆయన నడిపిన విమానంలోనే, ఇదే మైదానం మీద, మీ కళ్ళముందే! చితాభస్మాన్ని చల్లబోతున్నది ఆయన ధర్మపత్ని! దయచేసి టోపీలు తీయండి!"

జనం టోపీలు తీశారు. నోలీన్ వెనక్కి తిరిగింది.

"ఇదే మైదానమేంట్రా? బోడిగుట్ట అన్నావుగా?"

"సగం ఇక్కడ, సగం అక్కడమ్మా. కమిటీవాళ్ళు అడిగారు. ఎంతమంది వచ్చారో చూడు, నాన్న కోసం!"

"మీ నాన్నని పార్కింగులో కార్ల మీద చల్లుతావా?"

"అమ్మా, మెల్లగా. మైకు పక్కనే ఉంది."

"ఉండనీ. నిప్పులు చెరగడమేంటి? మీ నాన్న నేను కూర్చున్న ఈ చోటే కక్కుకున్నాడు. ఆ ముక్క చెప్పమను మైకులో!"

గార్త్ మొహం ఎర్రబడింది. "ఇప్పుడా అమ్మా ఇవన్నీ? చెయ్యి ఊపమ్మా, ఫొటో తీస్తున్నారు."

చెయ్యి ఊపమ్మా! నోలీన్‌కు అసహ్యం అరికాలి నుంచి నెత్తికెక్కింది. కొడుకు మీద, మైకు మీద, టోపీలు తీసి నిలబడ్డ ఆ గుంపు మీద, అన్నిటికంటే ఎక్కువగా ఈ సీటుకు ఆశపడి కూర్చున్న తన మీద. బెల్టులు విప్పింది. దిగడం ఎక్కినంత తేలిక కాదు. మోకాలు పట్టేసింది, రెక్క మీద జారబోయింది. ఎవరూ చెయ్యివ్వలేదు. తోలు టోపీ తీసి గడ్డిలో పడేసి, తన లారీ ఉన్నవైపు నడిచింది. ఇక ఈ తతంగం ఆగిపోతుందనే అనుకుంది.

సగం దూరం వెళ్ళేసరికి వెనక ఇంజన్ మోగింది. తిరిగి చూస్తే ముందు సీట్లో రేవిన్! ఆమె తలమీద నోలీన్ పారేసిన టోపీ, ఒళ్ళో పొద్దుటినుంచి గార్త్ దగ్గరున్న ఆథల్ బూడిద పెట్టె. విమానం గడ్డి మీద ఊగుతూ పరుగెత్తి పైకి లేచింది.

చుట్టు తిరిగి తక్కువ ఎత్తులో మైదానం మీదికి వచ్చింది. రేవిన్ లేచి, పెట్టెను అద్దం పైకెత్తి, మూత తీసింది. బూడిద గుప్పున లేచింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు! ముందు సీట్లో గాలికి విసిరింది వెనక సీట్లోకి రాక ఎక్కడికి పోతుంది? తొట్టిలోంచి పొట్ట కిందికి జారితే కదా అది గుట్ట మీద పడేది! విమానం అటూ ఇటూ ఒరిగింది. రేవిన్ కెవ్వుమని మూత వేసేసింది. మైకాయన "అదిగో వీరుడు నింగిలో..." అని మొదలుపెట్టి, విమానం వంకర టింకరగా దిగుతుంటే మాట మింగేశాడు.

ఇంజన్ ఆగేసరికి నోలీన్ అక్కడుంది. గార్త్ మొహం బూడిదరంగు ముద్ద. కళ్ళద్దాల అంచుల్లో, మీసంలో, చెవుల్లో, నోట్లో అంతా ఆథలే. అది ఎవరో తెలుసు గనక ఉమ్మలేకపోతున్నాడు, ఏమిటో తెలుసు గనక మింగలేకపోతున్నాడు. మింగలేక కక్కలేక అనే మాట నోలీన్ చాలాసార్లు వాడింది గానీ, కళ్ళారా చూడటం అదే మొదలు. రేవిన్ జుట్టులోంచి దులుపుకుంటూ వెక్కివెక్కి ఏడుస్తోంది. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

నోలీన్ నీళ్ళ సీసా అందించింది. "ఉమ్ము."

గార్త్ తల అడ్డంగా ఊపాడు. వేలితో నోరు చూపించి, ఏడుపు మొహం పెట్టాడు.

"మీ నాన్నేనని నాకు తెలుసు. ఉమ్ము. నోట్లో పెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతావు?"

ఉమ్మాడు. ఆ వెంటనే విమానం పక్కకు వంగి, పొద్దున తిన్నదంతా కొత్త పసుపురంగు మీద, తెల్లక్షరాల మీద కక్కేశాడు. నోలీన్ ఒక్క క్షణం చూసింది. జాలి రాలేదు. వెళ్ళి సాసేజీల కొట్టు దగ్గర బకెట్టూ గుడ్డా అడిగి తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఎవడు కక్కితే వాడే కడగాలి" అంది. "మన ఇంట్లో నిజంగా ఉన్న సైనిక రివాజు అదొక్కటేరా. కడుగు."

టోపీలు తీసినవాళ్ళందరి ముందూ గార్త్ కడిగాడు.

ఇంటికొచ్చాక పెట్టెలో చూస్తే సగం మిగిలింది. సీటు కింద చెక్కలు విప్పి, టార్చి వేసి, విమానం పొట్టలోకి దూరింది నోలీన్. బూడిద నూనెలో తడిసి నల్లటి మడ్డిలా అతుక్కుని ఉంది. దాన్ని రంగు కుంచెతో గీకి గీకి బిస్కెట్ల డబ్బాలోకి ఎత్తింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని మడ్డిలోంచి గీకాల్సిరావడం కంటే రోత ఏముంటుంది? గార్త్ పక్కన చతికిలబడి డబ్బా పట్టుకున్నాడు.

"బళ్ళో నన్నేమని పిలిచేవాళ్ళో నీకు తెలీదమ్మా. ఎరువుగాడి కొడుకనేవాళ్ళు. నేనొస్తుంటే ముక్కు మూసుకునేవాళ్ళు. వాళ్ళ నాన్నలకి పతకాలుండేవి. మా నాన్నకేముంది? దగ్గు."

నోలీన్ కుంచె ఆపింది. ఈ సంగతి ఆమెకు నిజంగానే తెలియదు.

"ఎరువుగాడి కొడుకువే కదరా" అంది. "కాదని ఇన్నేళ్ళకి ఇంత రంగు పూశావు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నువ్వు చేటంత చేశావు. అందులో మా ఆయన్నెక్కడ వెతుక్కోను నేను?"

గార్త్ డబ్బా ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"తొట్టి పెట్టు" అంది నోలీన్.

"తొట్టి పెట్టాలంటే సీటు తీసెయ్యాలమ్మా."

"తీసెయ్."

"తర్వాత మళ్ళీ బిగిస్తాలే..."

"అక్కర్లేదు. ఇది తొట్టి విమానం. తొట్టితోనే ఉంటుంది, తొట్టితోనే ఎగురుతుంది."

"తొట్టి ఉంటే ఏ ప్రదర్శనకీ పిలవరు."

"పీడా పోయింది."

"అది కాదమ్మా. నువ్వు మరి..." గార్త్ ఆ సీటు వైపు చూశాడు. "నువ్వు ఎప్పటికీ ఎక్కలేవు."

"కూర్చున్నానుగా. చాలు. కూర్చుని ఏం విన్నానో అది కూడా చాలు."

షెడ్డు గుమ్మంలో నిలబడి వింటున్న రేవిన్ గేటు దగ్గరకు వెళ్ళింది. కాసేపటికి జెరేనియం మొక్కలు వేళ్ళతో సహా దారి పక్కన పడ్డాయి. మట్టి బోర్లించి, ఖాళీ తొట్టిని రాళ్ళ మీద దడదడ లాక్కుంటూ షెడ్డులోకి తెచ్చింది. చేతులు దోక్కుపోయాయి.

"నోలీన్, నాకు తెలీదు" అంది. "ఒట్టు. నేను పూలకుండీ అనే అనుకున్నా."

"తెలిసినవాడే పారేశాడు, నిన్నేమంటాం?" అంది నోలీన్. "తెల్లరంగు గోకెయ్."

తొట్టి బిగింపూ, దాని అనుమతి కాగితాల గొడవా గార్తే చూసుకున్నాడు. నోలీన్ కూరగాయల కత్తితో 'ఫ్లైట్ లెఫ్టినెంట్' అన్నదాన్ని ఒక్కొక్క అక్షరమే గోకింది. ఆథల్ ప్రింగిల్ మిగిలాడు. పసుపురంగు మార్చనా అని గార్త్ అడిగితే, "వద్దు, ఎరువు పడితే అదే పోతుంది" అంది.

గాలి లేని ఒక పొద్దున బోడిగుట్ట కింది మైదానంలో పాత లారీ బకెట్టులో సూపర్ పోసి, దాని మీద పెట్టెలోది పోసి, బిస్కెట్ల డబ్బాలోది పోసి, పారతో తిరగేసింది నోలీన్. రెండూ ఒకే రంగు. కలిశాక ఏది ఆథలో, ఏది ఎరువో ఆమెకే తెలియలేదు. గార్త్ ఇంజన్ ఆపకుండా నిలబెట్టాడు, తండ్రి నిలబెట్టినట్టే. పాటలు లేవు, ప్రసంగాలు లేవు. ఆమె లారీ ముందుకు తెచ్చి, బకెట్టు ఎత్తి, తొట్టిలో గుమ్మరించింది. తొట్టి మూత వేయబోతుంటే పంకా గాలికి ఒక గుప్పెడు లేచి ఆమె మొహాన కొట్టింది. పళ్ళమధ్య కరకరలాడింది. గార్త్ అది చూసి భయంగా కళ్ళు పెద్దవి చేశాడు. నోలీన్ బొటనవేలు చూపించింది.

విమానం బోడిగుట్ట మీదికి ఎక్కింది. పొట్ట కిందనుంచి తెల్లటి తెర ఒకటి దిగి, గుట్ట ఒంపును అంటుకుని పరుచుకుంది. గొర్రెలు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడ్డాయి. కింద నిలబడ్డ నోలీన్ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా చూసింది. అక్కడినుంచి చూడటమే ఆమెకు తెలిసిన చూపు.

"ఒక్క రవ్వ కూడా వెనక్కి రాలేదమ్మా" అన్నాడు గార్త్ దిగుతూనే. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

నోలీన్ నీళ్ళ గొట్టం లాగింది. టీ ఫ్లాస్కుతో వచ్చిన రేవిన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే కడిగెయ్యాలా? మూలల్లో ఇంకా ఆయన..."

"తడి తగిలితే రేకును తినేస్తుంది. ఆయనైనా అంతే" అంది నోలీన్. గొట్టం తిప్పింది. తొట్టి మూలలూ, మీట సందూ, పొట్ట కిందా వదలకుండా కడిగింది. బూడిదరంగు నీళ్ళు గడ్డిలోకి పారాయి. ఆ తర్వాత చేతులు కడుక్కుంది.

రేవిన్ ఫ్లాస్కులోంచి టీ పోసి, ఇంకో చేత్తో నీళ్ళ సీసా అందించింది. "మొహమంతా దుమ్మే. నోరు కడుక్కో నోలీన్."

నోలీన్ సీసా అందుకుని పక్కన పెట్టింది. పళ్ళు మెల్లగా కదిపింది. ఇంకా కరకరలాడుతోంది. తాను పెట్టిన చట్టాన్ని తానే తప్పి, నోరు కడుక్కోకుండానే టీ తాగింది.